రెండు వందల పన్నెండు నంబర్ వన్‌లు

పోయిన వారం మీరు నన్ను మా గ్రంథాలయం ముందు గదిలో, చేతిలో పెన్నుతో నిలబెట్టి వెళ్ళిపోయారు. ఈ వారం రోజుల్లో మీరు వంటలు చేసుకున్నారు, బస్సులెక్కారు, ఆదివారం ఒక సినిమా కూడా చూసి ఉంటారు. నేను మాత్రం అదే పెన్నుతో అక్కడే ఉన్నాను. కాళ్ళు లాగుతున్నాయి. ఇక కదలాలి.

మధ్యలో వచ్చి చేరినవారికి నాలుగు ముక్కలు. నా పేరు దేవమ్మ. ఇల్లు ఎర్రగడ్డ. ఫిల్మ్‌నగర్ చిత్రకథా గ్రంథాలయంలో పదిహేడేళ్ళుగా సహాయకురాలిని. నా పేరు చెప్పగానే చాలామంది నా చేతిలో చీపురు కోసం వెతుకుతారు. లైబ్రరీ సర్టిఫికెట్ కోర్సు ఫస్టు క్లాసులో పాసైనదాన్ని అని చెబితే ఇంకొకసారి చూస్తారు, ఈసారి అనుమానంగా. సినిమా రచయితలు తమ కథను పదిమందికీ వినిపించేముందు ఒక ప్రతిని మా దగ్గర దాచుకుంటారు. మేం తేదీ వేసి, ముద్ర కొట్టి, రసీదిస్తాం. రేపు ఎవరైనా ఆ కథను ఎత్తుకుపోతే, ఇది నాది, ఫలానా రోజుకే రాసుకున్నానని చెప్పడానికి ఆ కాగితాల కట్టే సాక్ష్యం. ఈ ఏడాది, అంటే రెండు వేల ఒకటి మొదట్లో, మా కార్డులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించారు. ఏప్రిల్‌లో వీరరాఘవయ్యగారనే పెద్ద రచయిత, ఎనభై ఆరులో నేను రాసిచ్చిన రసీదు పట్టుకుని తన కట్ట కోసం వచ్చారు. కంప్యూటర్ లేదంది. "అయితే రసీదు దొంగది. రాసిచ్చింది దేవమ్మ," అన్నారు కార్యదర్శి పరబ్రహ్మంగారు. రాజీనామా కాగితం ముందు పెట్టారు. సంతకం పెడితే గుట్టుగా ఇంటికి, పెట్టకపోతే పోలీసు స్టేషన్‌కి. నేను పెన్ను అందుకున్నాను. అక్కడ ఆగాం కదా?

ఆ పెన్నుకు మూత పెట్టి, కాగితం మీద అడ్డంగా పెట్టాను.

"సంతకం పెట్ట సార్," అన్నాను. "ముందుగాల నన్ను గా కంప్యూటర్ ముందట అరగంట కూసోనీయుండ్రి."

పరబ్రహ్మంగారు నవ్వారు. ఆయన ఒకప్పుడు రెండు సినిమాలు తీసిన మనిషి. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, తెల్ల చెప్పులు. జుట్టొక్కటే నలుపు, అది కూడా ఆదివారం ఆదివారం వేసుకునే రంగు.

"కంప్యూటర్ ముందా? నువ్వా? రోజూ దుమ్ము తుడుస్తూనే ఉన్నావు కదమ్మా, అది చాలదా?"

ఆయన పక్కన వేదవ్యాస్ అనే కుర్రాయన తల దించుకున్నాడు. మాదాపూర్ కంపెనీ నుంచి వచ్చి మా కంప్యూటర్ కేటలాగు తయారుచేసినవాడు ఈయనే. మెడలో గుర్తింపు కార్డు, నడుముకు సెల్‌ఫోను. మర్యాదస్తుడే. మర్యాదస్తులకుండే జబ్బే ఈయనకూ ఉంది. తప్పు కళ్ళ ముందు జరుగుతుంటే నేల చూస్తాడు.

గోడవారగా కుర్చీలో వీరరాఘవయ్యగారు కూర్చున్నారు. డెబ్బై ఏళ్ళు. కృష్ణానగర్‌లో ఒంటి గది కిరాయికి తీసుకుని ఉంటారు. ఆ రసీదును ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకున్నారు.

నాలుగో కుర్చీలో మా అధ్యక్షురాలు జ్ఞానప్రసూనాంబగారు. ఈ భవనం వారి భర్త ఇచ్చింది. ముప్పై ఏళ్ళు కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయ్యారు. పదిహేడేళ్ళలో నన్ను "ఏయ్" అని పిలవని మనిషి ఆవిడొక్కరే.

"అరగంటే కదా పరబ్రహ్మంగారూ," అన్నారావిడ. "కూర్చోనివ్వండి. రేపు మనం వినలేదన్న మాట రాకూడదు."

నేను కూర్చున్నాను.

కూర్చోవడం అని తేలిగ్గా అన్నాను గానీ, ఆ కుర్చీ దాకా రావడానికి నాకు మూడు నెలలు పట్టింది. ఆ సంగతి ఇక్కడ చెప్పకపోతే నాకు ఊపిరాడదు.

జనవరిలో కంప్యూటర్లు వచ్చినప్పుడు సిబ్బందికి మూడు రోజులు శిక్షణ అన్నారు. నేను కొత్త నోటు పుస్తకం కొనుక్కుని, పదింటికల్లా వచ్చి కూర్చున్నాను. పరబ్రహ్మంగారు లోపలికి తొంగి చూసి, "ఏయ్ దేవమ్మా, నువ్వెందుకు ఇక్కడ? వేదవ్యాస్‌గారికి టీ చెప్పిరా," అన్నారు. చెప్పొచ్చాను. తిరిగి వచ్చేసరికి నా కుర్చీలో పరబ్రహ్మంగారి మేనకోడలు కూర్చుని ఉంది. ఆమె మా సిబ్బంది కాదు. శిక్షణ అయ్యాక మళ్ళీ ఎప్పుడూ గ్రంథాలయం గడప తొక్కలేదు కూడా.

ఆ సాయంత్రం నేను బస్సెక్కలేదు. కోపం వస్తే నేను నడుస్తాను. చెక్‌పోస్టు దాటి, దిగువకు దిగి, కృష్ణానగర్ సందుల్లోకి పోయాను. అక్కడ ఒక ఇంటి ముందు "ఇంటర్నెట్" అని బోర్డు కనిపించింది. ఇంటావిడ శకుంతలమ్మగారు. ఇరవై ఏళ్ళు డబ్బింగు చెప్పిన గొంతు ఆమెది. తెర మీద ఎవరు ఏడ్చినా, ఎవరు కెవ్వుమన్నా వెనక ఆవిడే. డబ్బింగు తగ్గాక ముందు గదిలో నాలుగు కంప్యూటర్లు పెట్టుకుంది. వేషాల కోసం తిరిగే పిల్లలు ఫొటోలు పంపుకోవడానికి వస్తారు.

"నాకు రాదు. నేర్పుతరా?" అన్నాను గుమ్మంలోనే నిలబడి.

"వచ్చినవాళ్ళు ఇక్కడికెందుకొస్తారమ్మా? రా, చెప్పులు అక్కడ విడువు," అంది.

మొదటిరోజు తెర ఉన్నట్టుండి నల్లబడిపోయింది. పాడుచేశాననుకున్నాను. పది నిమిషాలు కదలకుండా, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆవిడ వచ్చి మౌస్ కాస్త కదిపితే మళ్ళీ వెలిగింది. "నిద్రపోయిందమ్మా, చచ్చిపోలేదు," అంది. రెండోరోజు, "మౌస్‌ను అలా పిసకకు, వడియాల పిండి కాదది," అని సినిమా అత్తగారి గొంతుతో కసిరింది. గది గదంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే నేర్చుకున్నాను.

అక్కడ నాకు అర్థమైంది ఒకటుంది. మా పెద్దమనుషులంతా కంప్యూటర్ అంటే ఏదో మంత్రమన్నట్టు మాట్లాడతారు. అమీర్‌పేటలో గోడలు కనిపించకుండా ఆ మంత్రాల పేర్లతో బోర్డులు. తీరా కూర్చుని చూస్తే అందులో సగం నా పనే. వెతకడం, వరసలో పెట్టడం, ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు పోయింది రాసి ఉంచడం. పదిహేడేళ్ళుగా నేను చేస్తున్నది అదే కదా! తేడా ఒక్కటి. మనిషి వచ్చి తప్పు పేరు చెప్పినా, అతనికి కావలసింది ఏదో నేను పట్టుకుంటాను. యంత్రం మాత్రం అడిగిన ముక్కే ఇస్తుంది. అది దాని తప్పు కాదు, దాని తీరు. తీరు తెలిశాక ఎవరితోనైనా కాపురం చేయవచ్చు.

నాకు కంప్యూటర్ మీద కోపం లేదు. కంప్యూటర్ వచ్చింది కాబట్టి నువ్వు పో అన్న మాట మీద కోపం. నేర్పకుండా, రాదు అన్న మాట మీద కోపం. ఆ కోపంతోనే రోజూ సాయంత్రం ఆరింటికి కృష్ణానగర్ దిగాను. నెట్టులోనే ఉండే మా కేటలాగులో నాకు చూపించని పేజీలు ఏవి ఉన్నాయో, ఎక్కడెక్కడ చిన్న అక్షరాల్లో దాక్కున్నాయో, అన్నీ వెతికి నోటు పుస్తకంలో రాసుకున్నాను.

సరే, గదిలోకి వద్దాం.

మా గ్రంథాలయానికి ఫోను లైను ఒకటే. నెట్టు కలిపితే ఫోను పలకదు, ఎవరైనా ఫోనెత్తితే నెట్టు తెగుతుంది. మోడెము కాసేపు కీచుమని మొత్తుకుని ఊరుకుంది. కేటలాగు తెరుచుకుంది. నేను నా పేరు, పాస్‌వర్డు కొట్టాను.

"రెండు వేళ్ళతో కొడుతోంది చూడండి," అన్నారు పరబ్రహ్మంగారు.

"అవును సార్, రెండు వేళ్ళే. పది వేళ్ళతోని కొట్టినోళ్ళు ఏం కొట్టిన్రో గిప్పుడు చూద్దాం."

మొదట వీరరాఘవయ్యగారి పేరుతో వెతికాను. సున్నా.

"మేమూ అదే చెప్పాం కదా!" అన్నారు పరబ్రహ్మంగారు.

"చెప్పిన్రు. నేను గూడ చూసిన." తర్వాత ఆయన రసీదు మీద కథకు రాసి ఉన్న పేరు, ప్రొడక్షన్ నంబర్ వన్, టైటిల్ గడిలో కొట్టాను. ఒక్కటంటే ఒక్క కథ వచ్చింది. "వేదవ్యాస్ సార్, ఎన్ని వచ్చినయ్?"

"ఒకటండీ."

నేను లేచి, చెక్క బీరువా నుంచి పొడవాటి కార్డుల సొరుగు ఒకటి లాగి తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టాను. "గివి లెక్కపెట్టుండ్రి. అన్నిటి మీద గదే పేరు."

ఆయన పైన రెండు మూడు తిప్పి చూసి ఆగిపోయాడు. ఎన్ని ఉన్నాయో నేనే చెప్పాను. రెండు వందల పద్నాలుగు.

సినిమా మనుషులకు ఇది చెప్పనక్కరలేదు. కొబ్బరికాయ కొట్టేనాటికి ఏ సినిమాకూ పేరుండదు. ఉన్నా చెప్పరు, ఎవరైనా ముందే ఎత్తుకుపోతారని భయం. క్లాపు పలక మీద ప్రొడక్షన్ నంబర్ వన్ అని రాసి పని మొదలుపెడతారు. రచయిత కట్ట తెచ్చి నా ముందు పెట్టినప్పుడు పేరేమిటని అడిగితే, "ఇంకా అనుకోలేదమ్మా, నంబర్ వన్ అని రాసుకో," అంటాడు. రాసుకుంటాను. ఏ నిర్మాత మొదటి సినిమా ఆ నిర్మాతకు నంబర్ వన్. పొలం పనులు చూసుకునే ఆయన, బట్టల కొట్టాయన, కాంట్రాక్టరు, అందరూ ఒక్క సినిమా మోజుతో వచ్చినవాళ్ళే. రెండో సినిమా దాకా వచ్చినవాళ్ళు పందొమ్మిదిమందే, వాళ్ళు ధైర్యంగా అసలు పేరే రాయించారు. అందుకే నేను ఆ కట్టలను పేరు చూసి పెట్టను. రచయిత పేరు, వచ్చిన తేదీ, దాఖలా సంఖ్య చూసి పెడతాను. కార్డు మీద మూడూ ఉంటాయి.

అదంతా చెప్పి, వేదవ్యాస్‌ను అడిగాను. "ఒక్క తీరు పేరున్నయన్నీ ఏం జేసిన్రు సార్?"

ఆయన మొహం పాలిపోయింది. "డూప్లికేట్స్ అనుకున్నామండీ. టైటిల్ కాలమ్ ఒకటే మ్యాచ్ చేశాం. ఒకే టైటిల్ ఉన్నవాటిల్లో ఒకటి ఉంచి మిగతావి సిస్టమే తీసేసింది."

"కట్టలను?"

"నకళ్ళు ఎందుకు, చోటు దండగ, తీసేయమని సెక్రటరీగారు..."

"నకళ్ళు అన్నది నువ్వయ్యా!" అన్నారు పరబ్రహ్మంగారు గబుక్కున. "కంప్యూటర్ నకలంటే నకలే అనుకున్నాం."

ఇదీ వీళ్ళ తెలివి. సినిమా తీసిన మనిషికి కంప్యూటర్ తెలియదు, కంప్యూటర్ తెలిసిన మనిషికి సినిమా తెలియదు. రెండు తెలియనితనాలూ చేతులు కలిపి సంతకాలు పెట్టుకున్నాయి. రెండు వందల పన్నెండు కథలు గోనె సంచుల్లో కట్టి వెనక గదిలో పడి ఉన్నాయి. సోమవారం కాగితం మిల్లు లారీ వస్తుంది. ఇవాళ శుక్రవారం.

వీరరాఘవయ్యగారు కుర్చీలోంచి లేవబోయారు. "సంచుల్లో నాదీ ఉంటుందా, అమ్మాయ్? వెళ్ళి చూద్దాం."

"ఉండుండ్రి సార్. సంచులల్ల వెతికితే దినమంతా పడ్తది. గీడ వెతికితే రెండు నిమిషాలు."

తెర అడుగున, ఎవరూ చదవని చోట, చిన్న అక్షరాల్లో ఒక లంకె ఉంది. తీసేసినవన్నీ ఏ రోజు, ఏ వేళ, ఎవరు తీశారో చూపించే పేజీ. దాని మీద నొక్కాను. ఎర్రటి పట్టీ నెమ్మదిగా పాకుతోంది. సగం దాకా వచ్చింది.

అప్పుడు పరబ్రహ్మంగారు ఫోనెత్తారు.

తెర మీద పేజీ ఆగిపోయింది. నెట్టు తెగింది. నేను వెనక్కి తిరిగి చూస్తే ఆయన రిసీవర్ చెవిన పెట్టుకుని, "ఎస్సైగారికి చేస్తున్నానమ్మా, నువ్వు నీ పని చూసుకో," అన్నారు, నవ్వుతూ.

నాకు ఒళ్ళు మండిపోయింది. పదిహేడేళ్ళు నేను ఆ గదిలో గొంతు పెంచలేదు. గ్రంథాలయం కదా. ఆ రోజు పెంచాను.

"ఫోన్ పెట్టుండ్రి సార్! చేసేది ఉంటే అరగంట అయినంక చేయుండ్రి. నన్ను గుంజుకపోవుడే ఉంటే నా కాళ్ళ మీద నేనే నడుచుకుంట అస్త, ఠాణా నాకు తెల్వంది గాదు. గానీ గీ పేజీ తెరుచుకున్నంకనే."

"గొంతు తగ్గించు! ఎవరితో మాట్లాడుతున్నావో తెలుసా?"

"తెల్సు. నన్ను చాయ్ చెప్పి రమ్మన్న సార్‌తోని మాట్లాడ్తున్న."

జ్ఞానప్రసూనాంబగారు లేచి, పరబ్రహ్మంగారి చేతిలోంచి రిసీవర్ తీసుకుని యథాస్థానంలో పెట్టారు. దాని మీద చెయ్యి ఉంచారు. "మళ్ళీ కలుపు దేవమ్మా," అన్నారు.

మూడోసారికి గానీ కలవలేదు. ఈసారి పేజీ పూర్తిగా తెరుచుకుంది.

వరసగా, పేజీ నిండా, అవే అవే పేర్లు. నంబర్ వన్, నంబర్ వన్, నంబర్ వన్. పక్కన దాఖలా సంఖ్యలు. అన్నిటికీ ఒకటే తేదీ, మార్చి తొమ్మిది. ఒకటే వేళ. తీసినవారు: సిస్టమ్. ఆ పేజీలో మొత్తం రెండు వందల పన్నెండు.

వేదవ్యాస్ దగ్గరకు వచ్చి వంగి చూశాడు. ఈసారి నేల చూడలేదు. అది ఆయన గొప్పే.

"తప్పు మాదేనండీ," అన్నాడు. "అన్నీ వెనక్కి తీసుకురావచ్చు, ఒక్క రోజు పని. కానీ కట్టలు పోతే ఏం చేయలేం. లారీ ఆపేయండి సార్. దేవమ్మగారు చూడకపోతే..." మిగతా మాట మింగేశాడు. మింగినా నాకు వినబడింది. దేవమ్మగారు అన్నాడు. పరబ్రహ్మంగారి మొహం కందగడ్డలా అయింది.

నన్నడిగితే కథ అక్కడే అయిపోవాలి. రెండు వందల పన్నెండు కట్టలు మిల్లుకు పోకుండా ఆగాయి. రెండు వేళ్ళతో కొట్టే మనిషి గెలిచింది. ఇంటికి వెళ్ళి చారు కాచుకోవచ్చు. కానీ ఇంకొక పని మిగిలింది. నేను గెలవడానికి కూర్చోలేదు, నా చేతి రసీదు నిజమని చూపించడానికి కూర్చున్నాను.

సంఖ్యల మీద నొక్కి ఆ పేజీలోవాటిని వరసలో పెట్టించాను. వీరరాఘవయ్యగారి రసీదు మీదున్నది ఎనభై ఆరు, నలభై ఒకటి, అంటే ఆ ఏడాది వచ్చిన నలభై ఒకటో కట్ట. నలభై ఉంది. నలభై రెండు ఉంది. నలభై ఒకటి లేదు.

"అదిగో!" పరబ్రహ్మంగారికి ప్రాణం లేచి వచ్చింది. "మిషను పొరపాటు మిషనుదే. దాన్ని నేనూ ఒప్పుకుంటున్నాను. కానీ ఈయన కట్ట అందులోనూ లేదుగా? అసలు ఉంటే కదా ఉండడానికి! రసీదు దొంగదే."

"అమ్మాయ్," అన్నారు వీరరాఘవయ్యగారు. ఆ పిలుపులో ఏముందో నాకు ఆ క్షణాన అర్థం కాలేదు. వద్దు, ఇక చాలు అన్నట్టుంది.

నేను మనసులో లెక్క వేసుకున్నాను. కార్డులు రెండు వందల పద్నాలుగు. యంత్రం ఉంచింది ఒకటి. తీసింది రెండు వందల పన్నెండు. ఇంకొకటి ఎక్కడికో పోయింది. కార్డు నా సొరుగులో ఉంది, నా చేతిరాతతో. కార్డు ఉందంటే కట్ట వచ్చినట్టే.

అప్పుడు చూశాను. జాబితా చివర రెండు అని ఒక అంకె. రెండో పేజీ. నొక్కాను.

ఒకే ఒక్క వరస. వాళ్ళందరికన్నా ముందు నాకే కనబడింది, తెరకు దగ్గరగా ఉన్నది నేనే కాబట్టి. దాఖలా సంఖ్య ఎనభై ఆరు, నలభై ఒకటి. రచయిత వీరరాఘవయ్య. తీసిన రోజు ఫిబ్రవరి ఇరవై ఆరు, సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలు. తీసినవారు...

తీసినవారు: దేవమ్మ.

నిజం చెప్పాలి కదా, ఒక్క క్షణం పేజీ మూసేద్దామనిపించింది. మూయడం నాకు వచ్చు. మూసేసి, ఏమీ లేదు సార్, సంచుల్లో వెతుకుదాం పదండి అంటే ఎవరికి తెలుస్తుంది? నేను రెండు వందల పన్నెండు కథలు కాపాడిన మనిషిగా మిగిలిపోతాను. చూపిస్తే దొంగనవుతాను. ఒక చిన్న గుర్తు నొక్కడంలో ఉంది అంతా.

అయితే నేను మూసేస్తే వీరరాఘవయ్యగారి రసీదు ఎప్పటికీ దొంగ రసీదే. నా సంతకం ఎప్పటికీ దొంగ సంతకమే. మూడు నెలలు కృష్ణానగర్ సందుల్లో తిరిగింది పేజీలు తెరవడానికా, మూయడానికా?

తెరను రెండు చేతులతో పట్టుకుని అందరి వైపూ తిప్పాను.

"చదువుండ్రి," అన్నాను. "గట్టిగ చదువుండ్రి. నా పేరే ఉన్నది."

పరబ్రహ్మంగారు గట్టిగానే చదివారు. చదివి చప్పట్లు కొట్టినంత పనిచేశారు. "ఇంకేం కావాలి? తన గోతిలో తనే పడింది! తీసింది తనే, నాటకం ఆడింది తనే."

"పేరు నాది సార్. పని నాది గాదు." వేదవ్యాస్ వైపు తిరిగాను. "వేదవ్యాస్ సార్, మా పేర్లు, పాస్‌వర్డులు రాసి సీలు కవర్లల్ల పెట్టి ఇచ్చిన్రు గదా. నా కవరు గీడ ఎన్నడిచ్చిన్రు?"

ఆయన చేతిసంచిలోంచి డైరీ తీసి పేజీలు తిప్పాడు. "ఫిబ్రవరి ఇరవై రెండు. ఎవరి కవరు వాళ్ళకిమ్మని ఇక్కడ ఇచ్చేసి వెళ్ళాను."

"నాకు అందింది మార్చి ఐదు, నా బల్ల మీద పెట్టి ఉండె. అందినట్టు రిజిస్టర్ల సంతకం పెట్టిన, ఎవలన్న చూసుకోవచ్చు. ఫిబ్రవరి ఇరవై ఆరుకు నా పాస్‌వర్డు నాకే తెల్వదు. గా పదకొండు దినాలు నా కవరు ఎవల దగ్గర ఉన్నది సార్?"

నేను పరబ్రహ్మంగారి మొహమే చూస్తున్నాను. దొరికాడు అనుకున్నాను. మీరూ అదే అనుకుంటున్నారు కదూ? కానీ ఆయన మొహంలో దొరికిపోయిన కళ లేదు. నోరు తెరుచుకుని ఆయన కూడా వేదవ్యాస్ జవాబు కోసమే చూస్తున్నారు. నటన అనుకుందామంటే, ఆయన నటన ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆయన తీసిన రెండో సినిమాలో ఆయనే ఒక వేషం వేశారు.

వేదవ్యాస్ డైరీ మూశాడు. "మీ ఒక్కరి కవరూ మేడమ్‌గారు అడిగి తీసుకున్నారండీ," అన్నాడు. "మీకు స్వయంగా ఇస్తానన్నారు."

మేడమ్‌గారంటే ఆ గదిలో ఒక్కరే.

జ్ఞానప్రసూనాంబగారు కళ్ళజోడు తీసి, చీర కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. "తీసుకున్నాను," అన్నారు.

చెంప మీద కొడితే కూడా అంత నొప్పి పుట్టేది కాదు. పరబ్రహ్మంగారు ఏమన్నా నేను పడ్డాను, తిరగబడ్డాను. ఆయన మీద నాకు ఆశ లేదు కనుక. ఈవిడ మీద ఉంది.

"నా పేరు మీద ఎందుకమ్మా?" అన్నాను. "మీ పేరుంది, సార్ పేరుంది. నా పేరే ఎందుకు?"

ఆవిడ గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది. "ఎవరు తీశారో అందులో పడుతుందని వేదవ్యాస్ చెప్పాడు. నా పేరు పడకూడదు. పరబ్రహ్మంగారి పేరు పడితే ఆయన పసిగడతారు. నువ్వయితే ఆ పేజీ దాకా ఎప్పటికీ రాలేవనుకున్నాను."

అదీ సంగతి. ఏయ్ అన్నవాడూ నాకు రాదనే అనుకున్నాడు, దేవమ్మా అని పిలిచినావిడా నాకు రాదనే అనుకుంది. ఇద్దరికీ తేడా పిలుపులోనే.

నాకు ఏడుపు వచ్చింది. వచ్చినదాన్ని వచ్చినట్టే రానిచ్చాను, తుడుచుకోలేదు. కుర్చీలోంచి మాత్రం లేవలేదు.

"వచ్చిన కదమ్మా," అన్నాను. "గా పేజీ దాకా నేనే వచ్చిన, ఎవలూ నేర్పకున్నా వచ్చిన. గిప్పుడు మీరు చెప్పుండ్రి. వీరరాఘవయ్య సార్ కట్ట ఏడున్నది?"

"మా ఇంట్లో ఉంది."

"మీ ఇంట్ల ఎందుకుంటది? గది ఆయన కథ. రేపటి దినం పొద్దున పది గంటలకు గీ బల్ల మీద ఉండాలె. లేదంటే ఎస్సై సార్‌కు ఫోన్ నేనే చేస్త."

జ్ఞానప్రసూనాంబగారు నన్ను చూడలేదు. గోడవారగా కూర్చున్న వీరరాఘవయ్యగారి వైపు చూశారు. పదిహేడేళ్ళలో వాళ్ళిద్దరినీ ఒక గదిలో నేనెప్పుడూ చూడలేదన్న సంగతి నాకప్పుడు తట్టింది.

"అది ఆయన కథ కాదు దేవమ్మా," అన్నారావిడ. "పైన పేరే ఆయనది. లోపల ప్రతి అక్షరం నా చేతిరాత. అది రాసింది నేను."

నేను వీరరాఘవయ్యగారి వైపు తిరిగాను. కాదనండి సార్, అనండి, ఒక్కసారి అనండి అని మనసులో మొక్కుకుంటూ చూశాను.

ఆయన తల వంచుకుని ఉన్నారు. కాదనలేదు.